సోదర పిటిషన్‌లో పుట్టినతేదీ తేడాలు

అమెరికా పౌరులు తోబుట్టువుల కోసం వేసే ఐ-130 పిటిషన్‌లో ఒక పత్రంలోని జన్మతేదీ మరోదానితో పొసగకపోవడం, దాన్ని సరిదిద్దుకునే లేదా సంజాయిషీ ఇచ్చుకునే పద్ధతి ఇక్కడి విషయం. కుటుంబ వలసలో తోబుట్టువులది నాలుగో ప్రాధాన్యం, వాడుకలో ఎఫ్-4. పిటిషనర్‌కు 21 ఏళ్లు నిండి ఉండాలి. ఈ తరగతికి ఏటా 65,000 వీసాలు కేటాయించారు. దాని మీద దేశాలవారీ పరిమితి కూడా ఉంది. 2025 నాటి వీసా బులెటిన్లలో భారతీయుల వంతు ఇంకా 2006లో వేసిన పిటిషన్ల దగ్గరే ఉంది. అంటే పిటిషన్‌తో పెట్టిన కాగితాలకూ ఇంటర్వ్యూకు పట్టుకెళ్లే కాగితాలకూ మధ్య సుమారు ఇరవై ఏళ్ల ఎడం. ఈలోగా పాస్‌పోర్టు మారుతుంది, ఆధార్ వస్తుంది, పాత మునిసిపల్ రిజిస్టరు కంప్యూటర్‌కెక్కుతుంది. అందువల్ల తేడాల్లో కొన్ని మొదటినుంచీ ఉన్నవైతే, కొన్ని ఈ నిరీక్షణలోనే పుట్టుకొస్తాయి.

తేడాలు వచ్చే దారులు

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి, చాలా రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అమెరికా విదేశాంగ శాఖ కూడా భారతీయ జనన పత్రాల విషయంలో ఈ తేదీనే హద్దుగా తీసుకుంటుంది. అంతకుముందు నమోదే లేదనుకోవడం సరికాదు. మద్రాసు ప్రాంతంలో 1899 నాటి చట్టం ఉండేది. అయితే ఆనాటి పద్దుల్లో చాలావాటిలో బిడ్డ పేరుండదు. తండ్రి పేరు, ఆడా మగా అన్నదే ఉంటుంది. అదే తండ్రికి నలుగురు కొడుకులుంటే ఏ పద్దు ఎవరిదో తేల్చడం కష్టం. నిజాం ఏలుబడిలోని కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు కనిపిస్తాయి. ఫసలీకి 590 కలిపితే ఉజ్జాయింపుగా క్రీస్తుశకం వస్తుంది గానీ, ఏడాది ఆరంభం జనవరిలో కాదు కాబట్టి ఆ లెక్క ఒక ఏడాది అటో ఇటో తప్పడానికి వీలుంది.

అన్నిటికంటే పెద్ద మూలం బడి. పాత తరం పదో తరగతి సర్టిఫికెట్లలో జూన్ 1, జూలై 1 తేదీలు విరివిగా కనిపిస్తాయి. దీనికి రెండు కారణాలు చెబుతారు. చేర్పించడానికి వచ్చిన పెద్దలకు తేదీ గుర్తులేక హెడ్మాస్టరే బడి తెరిచే నెలను బట్టి వేసేవాడన్నది ఒకటి. సర్కారు కొలువులో నాలుగేళ్లు ఎక్కువ ఉండాలని కావాలనే వయసు తగ్గించి రాయించేవారన్నది రెండోది. తేదీ నెల మొదటి రోజే కావడానికి మొదటి కారణమే ఎక్కువ నప్పుతుంది. అసలు వయసుకూ బడి వయసుకూ మధ్య రెండు మూడేళ్లు తేడా ఉన్నచోట రెండోదాన్ని తోసిపుచ్చలేం. ఉద్యోగంలో చేరాక ఆ తేదీని మార్చుకునే వీలును ఆంధ్రప్రదేశ్‌లో 1984 నాటి నిబంధనలు దాదాపుగా మూసేశాయి. సర్వీసు రిజిస్టరు, పింఛను పత్రం, వాటి వెనకే పాస్‌పోర్టు అదే తేదీని మోస్తూ వచ్చాయి.

జాతకం ఉన్న ఇళ్లలో మరో చిక్కు. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది: ఖర నామ సంవత్సరం 1951-52లోనూ ఉంది, 2011-12లోనూ ఉంది. ఇది తేలికగా తేలే సంగతే. తేలనిది వారం. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కనుక, తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డకు ముందురోజు వారమే రాస్తారు. ఆస్పత్రి పత్రంతో ఒక్క రోజు తేడా వస్తే ముందు దీన్ని అనుమానించాలి. నెల, రోజు తారుమారైతే అమెరికా పద్ధతిలో నెలను ముందు రాయడమే కారణం కావచ్చు.

చట్టం చూసేది

ఎఫ్-4లో లబ్ధిదారు వయసుకు హద్దు లేదు. అధికారి తేల్చవలసినవి రెండే: పత్రాలన్నీ ఒకే మనిషివా, ఇద్దరికీ ఉమ్మడిగా కనీసం ఒక తల్లో తండ్రో ఉన్నారా. తేదీ ఈ రెంటికీ ఆనవాలు మాత్రమే. అయినా కాగితాల ప్రకారం అన్నకూ తమ్ముడికీ మధ్య ఐదు నెలలే ఉంటే, ఒకే తల్లి బిడ్డలన్న మాటపైనే సందేహం వస్తుంది. అప్పుడు వచ్చేది అదనపు ఆధారాల కోసం నోటీసు. గడువు గరిష్ఠంగా 12 వారాలు, పొడిగింపు ఉండదు. పరస్పరం పొసగని వివరాలను స్వతంత్రమైన ఆధారాలతోనే పరిష్కరించాలని వలస అప్పీళ్ల బోర్డు 1988లో హో కేసులో చెప్పింది. ఆలస్యంగా నమోదైన జనన పత్రాన్ని మిగతా ఆధారాలతో కలిపి తూచాలని 2017 నాటి రెహ్మాన్ కేసు చెబుతుంది.

అందుకే పిటిషన్ వేశాక కొత్తగా తీసిన సర్టిఫికెట్ ఆశించినంత పనిచేయదు. మన చట్టంలో పుట్టిన ఏడాది దాటితే నమోదుకు మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ ఆ అధికారాన్ని జిల్లా మెజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటుకు, జిల్లా మెజిస్ట్రేటు అనుమతించిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు ఇచ్చింది. ఉన్న పద్దులో తప్పు దొర్లితే 15వ సెక్షన్ కింద దిద్దిస్తారు. ఇవన్నీ చెల్లే పత్రాలే. కానీ చాలా ఏజెంట్లు సలహా ఇచ్చినట్టు అన్ని కాగితాలనూ ఒకే తేదీకి దిద్దించడం కంటే, ఉన్న తేడాను అలాగే ఉంచి ఎందుకు వచ్చిందో పాత కాగితాలతో చూపడం నిలకడైన దారి. బాప్తిస్మ పత్రం, బడిలో చేరిన నాటి రిజిస్టరు నకలు, తల్లి ఆస్పత్రి చీటీ లాంటివి ఎంత పాతవైతే అంత బలం. జనన పత్రం దొరకనప్పుడు నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, ద్వితీయ సాక్ష్యం, అవీ లేకుంటే కనీసం రెండు అఫిడవిట్లు అన్నది క్రమం. సాక్షులు పిటిషన్‌లో పక్షం కాకూడదు, పుట్టుక సంగతి స్వయంగా తెలిసినవారై ఉండాలి. మేనమామ, పెద్దమ్మ పనికొస్తారు. ఎలా తెలుసో రాయని అఫిడవిట్‌కు విలువ తక్కువ. ఆధార్‌పై ఆధారపడరాదు: అది జన్మతేదీకి రుజువు కాదని ఆధార్ జారీచేసే సంస్థే చెప్పగా, 2024 జనవరిలో భవిష్యనిధి సంస్థ దాన్ని జన్మతేదీ రుజువుల జాబితా నుంచి తీసేసింది.

డీఎన్ఏ పరీక్ష తేదీని తేల్చదు, బంధాన్ని తేలుస్తుంది. తోబుట్టువుల మధ్య పరీక్ష తల్లీబిడ్డల పరీక్షంత గట్టిది కాదు. తల్లి ఉంటే ఇద్దరినీ ఆమెతో పోల్చడం మేలు.

తల్లిదండ్రులు అంతకుముందే వలస వచ్చి ఉంటే వారి దరఖాస్తుల్లో పిల్లలందరి తేదీలూ ఉంటాయి. అధికారి వాటిని తీసి పోలుస్తాడన్న సంగతి చాలామంది మరిచిపోతారు. పిటిషనర్ పౌరసత్వ పత్రంలోని తేదీ ప్రమాణం చేసి చెప్పినదే కనుక, తర్వాత తప్పని చెప్పి దాన్ని మార్పించడం చాలా కష్టం.

తప్పు తేదీ రాయడం, మోసం చేయడం ఒకటి కావు. నిర్ణయాన్ని ప్రభావితం చేసే స్వభావం ఉన్న అబద్ధమే లెక్కకొస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 1988లో కుంగిస్ కేసులో చెప్పింది. ఆ కేసులో పుట్టినతేదీ, ఊరు తప్పుగా చెప్పడం అలాంటిదని రుజువు కాలేదు. అది పౌరసత్వ రద్దు వ్యాజ్యం. వీసా అధికారులు అంత ఉదారంగా ఉంటారని దీన్నిబట్టి అనుకోరాదు.

తేదీయే నిర్ణాయకమయ్యే చోటు లబ్ధిదారు పిల్లల విషయం. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం ప్రకారం, వీసా అందుబాటులోకి వచ్చిన నాటి వయసులోంచి పిటిషన్ పరిశీలనలో ఉన్న రోజులను తీసేస్తే 21 ఏళ్ల లోపే తేలాలి. ఏడాదిలోగా వీసా కోసం అడుగు వేయాలి కూడా. ఇక్కడ బడి తేదీకీ అసలు తేదీకీ మధ్య ఉన్న ఒక్క ఏడాది, పిల్లవాడు కుటుంబంతో వెళ్లడమో ఇక్కడే ఉండిపోవడమో తేల్చేస్తుంది.