విజ్ఞానం ఎవరి సొత్తు? ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పాటించిన శాస్త్రధర్మం

శాస్త్రజ్ఞునికి ఉండవలసిన నీతినియమాలను గురించి ఉపన్యసించడం సులభం. ఆ నియమాల వల్ల జీతమో, కీర్తిమో, ధనమో చేజారిపోయే సమయంలో వాటిని నిలుపుకోవడం కష్టం. భారతదేశంలో ఆధునిక పరిశోధన ఇంకా శైశవదశలో ఉన్న కాలంలోనే ఈ పరీక్షకు పలుమార్లు నిలిచినవారు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్.

నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమన్‌సింగ్‌లో 1858 నవంబరు 30న ఆయన జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వాధికారి అయినప్పటికీ కుమారుని ఆంగ్ల పాఠశాలకు కాక, రైతుల, జాలరుల బిడ్డలు చదివే బెంగాలీ బడికి పంపారు. కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోను, ఆ తరువాత కేంబ్రిడ్జిలోను విద్యాభ్యాసం ముగించుకొని, 1885లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా చేరారు.

మొదటి పరీక్ష అక్కడే ఎదురైంది. ఆనాడు భారతీయ ఆచార్యులకు ఐరోపావారి జీతంలో మూడింట రెండు వంతులు మాత్రమే ఇచ్చేవారు. బోస్‌ది తాత్కాలిక నియామకం కావడంతో ఆ మొత్తంలోనూ సగమే దక్కుతుంది. ఇంటిని అప్పులు చుట్టుముట్టి ఉన్నా ఆయన ఆ జీతాన్ని స్వీకరించలేదు. ఉద్యోగాన్నీ వదలలేదు. మూడేళ్లపాటు వేతనం ముట్టకుండా శ్రద్ధగా పాఠాలు చెప్పారు. చివరకు ప్రభుత్వం ఆయన ఉద్యోగాన్ని ఖాయపరచి, పాత బకాయిలతో సహా పూర్తి జీతం చెల్లించింది. ఆ సొమ్ముతో ఆయన తండ్రి అప్పులు తీర్చారు. అన్యాయాన్ని ప్రతిఘటిస్తూనే, విద్యార్థికి అందవలసినదాన్ని అందకుండా చేయకపోవడం ఆ నిరసనలోని విశిష్టత.

1894లో ఆయన విద్యుత్తరంగాలపై పరిశోధన ప్రారంభించారు. కళాశాలలో తగిన ప్రయోగశాల లేదు. స్థానిక పనివాని సహాయంతో తానే పరికరాలు తయారు చేసుకున్నారు. మిల్లీమీటర్లలో కొలవదగిన పొట్టి తరంగాలను సృష్టించి, 1895లో కలకత్తా టౌన్‌హాలులో ప్రదర్శించారు. గోడలను దాటి వెళ్లిన ఆ తరంగాలు దూరపు గదిలో గంటను మోగించి, తుపాకిమందును పేల్చాయి. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రసంగించినప్పుడు ఆయన తన పరికరాల నిర్మాణాన్ని ఏమాత్రం దాచలేదు. ధనార్జనకు ఉపకరించే రహస్యాన్ని ఇలా అందరి ముందు పరచడమేమిటని అక్కడి ఒక వృత్తిపత్రిక ఆశ్చర్యపడింది. 1901లో ఒక టెలిగ్రాఫ్ సంస్థ యజమాని పేటెంటు పత్రంతో తన వద్దకు వచ్చిన సంగతిని, తాను నిరాకరించిన విషయాన్ని బోస్ తన మిత్రుడు రవీంద్రనాథ్ ఠాకూర్‌కు లేఖలో తెలియజేశారు. ధనాశ ఒకసారి పట్టుకుంటే దాని నుంచి బయటపడే దారి ఉండదని ఆయన భయం.

అయితే బోస్ అసలు పేటెంటే తీసుకోలేదని చెప్పడం చారిత్రక సత్యం కాదు. సోదరి నివేదిత, సారా బుల్ గార్ల ఒత్తిడిపై 1901లో ఆయన అమెరికాలో దరఖాస్తు చేయగా, గెలీనా స్ఫటికంతో పనిచేసే గ్రాహకానికి 1904 మార్చి 29న పేటెంటు మంజూరైంది. కాని దానితో సొమ్ము చేసుకునే ప్రయత్నం ఆయన చేయలేదు. హితైషుల మాట కాదనలేకపోయినా, తన నియమాన్ని మాత్రం విడువలేదు. ఆయన సహోద్యోగి ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ మరొక మార్గం ఎంచుకొని, బెంగాల్ కెమికల్ సంస్థను స్థాపించి, రసాయన విజ్ఞానాన్ని స్వదేశీ పరిశ్రమగా మలిచారు. తన జీతాన్ని విద్యాభివృద్ధికి ధారపోశారు. మార్గాలు వేరైనా, విజ్ఞానఫలం స్వార్థానికి కాదన్న నిశ్చయం ఇద్దరిదీ ఒకటే.

మూడవ పరీక్ష పండితలోకం నుంచి వచ్చింది. సాధారణ వృక్షాలు కూడా ప్రేరణకు విద్యుత్ ప్రతిస్పందన చూపుతాయని బోస్ 1901లో రాయల్ సొసైటీ ఎదుట ప్రదర్శించగా, శరీరధర్మశాస్త్రంలో ప్రముఖులైన సర్ జాన్ బర్డన్ శాండర్సన్ అభ్యంతరం తెలిపి, శీర్షికలోని ‘ప్రతిస్పందన’ అన్న మాటను మార్చమని సూచించారు. ప్రయోగం తప్పని రుజువు చేస్తే తప్ప ఒక్క మాటైనా మార్చనని బోస్ సమాధానం. ఆ వ్యాసం అక్కడ అచ్చుకాలేదు. మరుసటి ఏడాది లిన్నేయన్ సొసైటీ ద్వారా ఆయన పరిశోధన వెలుగు చూసింది. తరువాతి కాలంలో మొక్కల పెరుగుదలను అనేక రెట్లు పెంచి చూపే ఆయన క్రెస్కోగ్రాఫ్‌పై సందేహాలు తలెత్తినప్పుడు, 1920లో లండన్‌లో శాస్త్రజ్ఞుల సమక్షంలో పరికరాన్ని పరీక్షకు పెట్టి నెగ్గారు. ఆ ఏడే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది.

ప్రతి వివాదంలోనూ ఆయనదే గెలుపని చెప్పలేము. వృక్షాలలో రసం పైకి ఎగబాకడానికి సజీవ కణాల స్పందనే కారణమని 1923లో ఆయన ప్రకటించిన సిద్ధాంతాన్ని వృక్షశాస్త్రం అంగీకరించలేదు. అయితే పరికరాన్నీ పద్ధతినీ బహిరంగంగా ప్రకటించినందువల్లనే ఇతరులు ఆ సిద్ధాంతాన్ని తూచి చూడగలిగారు. దాపరికం లేకపోవడం కేవలం త్యాగం కాదు. తన పొరపాటును పట్టుకునే అవకాశాన్ని లోకానికి ఇవ్వడం కూడా.

1917 నవంబరు 30న కలకత్తాలో బోస్ పరిశోధనాలయాన్ని ప్రారంభిస్తూ ఆయన ఈ ధర్మాన్ని సంస్థాగతం చేశారు. అక్కడి ఆవిష్కరణలు ప్రచురణల ద్వారా సర్వజనుల ఆస్తి కావాలని, వాటిపై ఎన్నడూ పేటెంట్లు తీసుకోరాదని ప్రకటించారు. లోకహితం కోసం తన ఎముకలనే సమర్పించిన దధీచిని తలపించే వజ్రాయుధం ఆ సంస్థకు చిహ్నమైంది. 1937 నవంబరు 23న గిరిడీలో ఆయన కన్నుమూశారు.

నేటి పరిశోధనకు పెట్టుబడి కావాలి. పేటెంటు లేనిదే దేశీయ విజ్ఞానం పరుల పాలవుతుందన్న వాదనలోనూ బలముంది. బోస్ నిర్ణయాన్ని యథాతథంగా అనుసరించడం నేడు అన్ని సంస్థలకూ సాధ్యం కాకపోవచ్చు. కాని, ప్రజాధనంతో సంపాదించిన జ్ఞానంలో ప్రజల వాటా ఎంత, ప్రమాణాన్ని పరీక్షకు పెట్టడానికి పరిశోధకుడు ఎంతవరకు సిద్ధం అన్న ప్రశ్నలను ఏ సంస్థా దాటవేయజాలదు. పరిశోధనలో నిజాయితీని కాపాడే ఆశయంతో 1986లో న్యూఢిల్లీలో శాస్త్రజ్ఞులే ‘సొసైటీ ఫర్ సైంటిఫిక్ వాల్యూస్’ను నెలకొల్పుకోవడం ఈ అవసరానికి నిదర్శనం. నియమావళులు వ్రాసుకోవచ్చు, సంఘాలు స్థాపించుకోవచ్చు. నష్టం కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు వాటికి కట్టుబడి నిలవవలసినది మాత్రం వ్యక్తియే. బోస్ జీవితం మిగిల్చిన పాఠం ఇదే.