పలుకని బాలుడు, పలికెడి యంత్రము



1984 ప్రాంతమున, ఉద్దానపు తీరమునందలి యొక పాఠశాలలో నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనై చేరితిని. జీడిపిక్కలు కొట్టి బ్రతుకు నొక తల్లి తన కుమారుని తెచ్చి, "బాబూ, మా గుంటడికి సదువొస్తాదా?" అని యడిగినది. ఆ బాలుడు పిలిచిన పలుకడు, ముఖమువంక చూడడు, కొబ్బరి యీనె నొకదానిని పూటంతయు త్రిప్పుచుండును. ఓనమాలు దిద్దింపబోయిన చేయి లాగుకొనును. నాలుగు దినములు బుజ్జగించి, అయిదవనాడు బెత్తము చూపితిని. పిమ్మట ఇంటికి పంపివేసితిని.

కొన్నాళ్లకు బస్సు నిలుచు చోట వాడు ఇసుకలో వ్రేలితో పలాస, టెక్కలి, సోంపేట అని బస్సు పలకలమీది పేళ్లను తప్పులేక వ్రాయుచుండగా చూచితిని. నేను మొండివాడన్నవాడు నాకు తెలియకయే చదువరి యైనాడు! వానిని ఏ వైద్యుడును చూడలేదు గనుక వాని స్థితి కిదియే పేరని నేను చెప్పజాలను.

కాని అట్టి లక్షణములకు ఆటిజమను పేరు అప్పటికే కలదు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. తరువాత కొంతకాలము వైద్యులు సైతము తల్లికి ప్రేమ చాలకపోవుటయే హేతువని నిందించిరి. అట్టి బిడ్డకు తండ్రియగు బెర్నార్డు రిమ్లాండు 1964లో గ్రంథము వ్రాసి ఆ నిందను ఖండించెను. తల్లి గ్రహణమునాడు బయటికి వచ్చెననుటయు ఆ జాతి నిందయే.

1968లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కెన్నెత్ కోల్బీ అను వైద్యుడు మాటరాని పిల్లలను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టిన వృత్తాంతము ప్రకటించెను. మీట నొక్కిన తెరపై అక్షరము కనబడును, దాని పేరు వినబడును. ప్రక్కన పెద్దవారొకరు కూర్చుందురు గాని అడ్డుపడరు. 1973 నాటికి, చూచిన పదునేడుగురిలో పదుముగ్గురికి మాటలో మెరుగు కనబడినదని ఆయన వ్రాసెను. అందరకును ఇదే మందని దీనివలన తేలదు.

ఐనను యంత్రమునందలి గుణము నాకు బోధపడినది. గురువు కంఠము పూటకొక తీరు. యంత్రము నూరవసారియు మొదటిసారివలెనే పలుకును, ముఖము చిట్లింపదు, చేయి పట్టి లాగదు. పైగా తెలుగు మీటలపై 'క' నొక్కి గుడి నొక్కిన 'కి' కన్నులయెదుటనే ఏర్పడును. మన గుణింతమే గదా!

1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరు లేదు. 2016 నాటి చట్టమున చేరినది. మన రాష్ట్రమున సమగ్ర శిక్షవారి భవిత కేంద్రములు ఇట్టి పిల్లలకొరకే యున్నవి. ఆ తల్లి యొంటరిగా వచ్చినది. మీవంటి పెద్ద యొకరు వెంట వచ్చియున్నచో నేనంత సులభముగా పంపివేయగలిగెడివాడను కాను.

ఉద్యోగవిరమణానంతరము ఆ యిల్లు వెదకుచు పోయితిని. వలసపోయిరని ఇరుగుపొరుగువారు చెప్పిరి.