ఏ.సి.లో గ్యాసు – నాటి నుండి నేటి దాకా

ఈ ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవాలలో నుంచి పదిమందికీ పనికివచ్చేది ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను రచయితను కాను. 1969లో చేరి 2004లో రిటైరయ్యేదాకా నా ఉద్యోగమంతా ఏ.సి. ప్లాంట్ల మెయింటెనెన్సులోనే గడిచింది. కనుక నాకు తెలిసిన ఆ ఒక్క విషయమే మనవి చేస్తాను.

మొన్న వేసవిలో మన సభ్యులొకరు ఫోను చేసి, "ఏమండీ, మూడేళ్లుగా ప్రతి ఏప్రిల్‌లోనూ మా ఏ.సి.లో గ్యాసు అయిపోయిందంటున్నాడు మెకానిక్. ప్రతిసారీ పెన్షనులో నుంచి వేలు పోస్తున్నాను. ఇదేమి తిండిపోతు యంత్రమండీ?" అని వాపోయారు. అయిపోవడానికి అది వంటగ్యాసు కాదండీ అన్నాను. ఆయనకు చెప్పిందే కొంత వివరంగా ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇంజెక్షనుకు ముందు నర్సు స్పిరిటు రాస్తే చర్మం చల్లబడుతుంది. ద్రవం ఆవిరి అవుతూ వేడిని లాక్కుపోవడమే అందుకు కారణం. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. అయితే కుండ నుంచి పోయిన ఆవిరి తిరిగి రాదు. ఏ.సి.లో మాత్రం గదిలోని వేడిని పీల్చి ఆవిరైన గ్యాసును కంప్రెసరు ఒత్తిడికి గురిచేస్తుంది. ఆ గ్యాసు బయటి యూనిట్‌లో వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది గాని ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందన్నమాట.

ఇక చరిత్రకు వస్తాను. మొదట్లో ఈ పనికి అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వాడేవారు. అన్నీ ప్రమాదకరమైనవే. 1920లలో బెర్లిన్‌లో ఫ్రిజ్ గ్యాసు లీకై ఒక కుటుంబం మరణించిందన్న వార్త చదివి ఐన్‌స్టీన్ మహాశయుడు చలించిపోయారట. సిలార్డ్ అనే యువ శాస్త్రజ్ఞునితో కలిసి, లీకుకు తావిచ్చే కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌ను రూపొందించి 1930లో అమెరికా పేటెంటు పొందారు. అది బజారుకు రాలేదు.

ఆ లోపే అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం 1928లో కొత్త గ్యాసును కనిపెట్టింది. అదే మనం ఫ్రియాన్ అని పిలిచిన ఆర్-12. 1930లో రసాయన శాస్త్రజ్ఞుల సభలో మిడ్‌గ్లీ ఆ గ్యాసును గుండెలనిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పి చూపారు. విషం కాదు, మండదు అని లోకం నమ్మింది. ఆ తరువాత ఇంటి ఏ.సి.లకు ఆర్-22 వచ్చింది.

మేమూ నమ్మాము. ఓవర్‌హాలింగుకు కంప్రెసరు విప్పే ముందు చాలాసార్లు సిస్టంలోని గ్యాసును గాలిలోకి వదిలేసేవాళ్లం. వాసన లేదు, మంట లేదు కదా! ఆ బుసబుస చప్పుడు ఆగేలోపు టీ తాగి వచ్చేవాళ్లం. ప్యానెళ్లలో దుమ్ము ఊదడానికి కూడా సిలిండరు తెరిచిన రోజులున్నాయి.

నిజానికి 1974లోనే మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. ఈ గ్యాసు నశించకుండా పైకి చేరి, అక్కడ విడిపోయిన క్లోరిన్ ఓజోన్ పొరను తింటుందని చెప్పారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ బాగా తరిగిపోయినట్లు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. 1995లో ఆ ఇద్దరికీ, క్రుట్జెన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక ట్రైనింగు క్లాసులో ఈ సంగతి మొదటిసారి విన్నాను. ఆర్-12 సుమారు వందేళ్లు గాలిలో ఉంటుందని బోర్డు మీద వ్రాశారు. ఆ రాత్రి నా చేతుల మీదుగా ఎన్ని సిలిండర్లు గాలిలో కలిశాయో లెక్క వేద్దామని కూర్చున్నాను. తేలలేదు. స్టోర్సు రిజిస్టరులో వచ్చిన గ్యాసుకు పద్దు ఉంది, పోయిన గ్యాసుకు లేదు. మర్నాటి నుంచి నా షిఫ్టులో గ్యాసును సిలిండరులోకి తిరిగి పట్టకుండా ఎవరినీ నట్టు విప్పనివ్వలేదు. చాదస్తమని నవ్వారు, నవ్వనిచ్చాను.

ఉబ్బసం మందుల అవసరానికి తప్ప సి.ఎఫ్.సి.ల ఉత్పత్తిని మన దేశం 2008లో ఆపింది. కొత్త ఏ.సి.ల తయారీలో ఆర్-22 వాడకం 2024తో ముగిసింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఎ ఓజోన్‌కు హాని చేయదు గాని, కిలో గ్యాసు గాలిలో కలిస్తే రెండు వేల కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే 2016లో కిగాలీలో మరో ఒప్పందం కుదిరింది, మన దేశం 2021లో ఆమోదించింది. నేడు ఎక్కువగా వచ్చే ఆర్-32 ప్రభావం అందులో మూడోవంతే. ఆర్-290 అయితే ప్రొపేనే, మన వంటగ్యాసు జాతిదే. దాని ప్రభావం నామమాత్రం. అయితే ఆర్-32 కొద్దిగా మండుతుంది, ఆర్-290 బాగా మండుతుంది.

కనుక సభ్యులకు నా విన్నపం. బయటి యూనిట్ మీద ఉన్న ప్లేటులో గ్యాసు పేరు, బరువు ఉంటాయి. అదే గ్యాసును తూచి ఎక్కించమనండి. చవకని వేరే గ్యాసు ఎక్కించుకోకండి. ముందు నైట్రోజన్‌తో ప్రెషరు పెట్టి, సబ్బునురుగు రాసి, లీకు చూపించమనండి. అది మూసిన తరువాతే డబ్బివ్వండి. లోపల గ్యాసు ఉండగా వెల్డింగు చేయనివ్వకండి.

మన మిత్రుని ఏ.సి.లో లీకు ఒక నట్టు దగ్గర దొరికింది. ఈ ఏప్రిల్‌లో గ్యాసు అడగలేదు. ఒప్పందం ఇలాగే సాగితే అంటార్కిటికాపై ఓజోన్ పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అది చూడడానికి నేనుండను. నా మనుమరాలు చూస్తుంది, అది చాలు.

సెలవు.