ఏ జబాను మనది?

"మీరు ముస్లింలా? తెలుగు భలే మాట్లాడుతున్నారే!" అంటారు హిందూ మిత్రులు. మెచ్చుకోలే కావచ్చు. కానీ దాని లోపల ఒక గీత ఉంది: తెలుగు మాది, ఉర్దూ మీది. మనవాళ్లూ తక్కువేం కాదు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్లను చూసి, ఉర్దూ రాని ముసల్మాను ఏం ముసల్మానని మూతి విరుస్తారు. ఈ ఇద్దరికీ ఢాకా ఏనాడో జవాబు చెప్పింది.

1948 మార్చి 21న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో జిన్నా, పాకిస్తాన్‌కు రాజభాష ఉర్దూ ఒక్కటేనని ప్రకటించాడు. ఆ మాట చెప్పింది ఇంగ్లీషులో! ఆయన ఇంటి భాష గుజరాతీ. ఎదుట ఉన్న జనం భాష బెంగాలీ. ఆనాటి పాకిస్తాన్ జనాభాలో సగానికి పైగా బెంగాలీలే, వాళ్లలో అత్యధికులు ముస్లింలే. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం కదిలిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. బలైనవాళ్ల పేర్లు చూడండి: సలాం, బర్కత్, రఫీక్, జబ్బార్. 1956 రాజ్యాంగం బెంగాలీకీ చోటిచ్చింది. అప్పటికే మనసులు విరిగాయి. 1971లో దేశమే విరిగింది.

పోనీ, మిగిలిన పాకిస్తాన్‌లోనైనా ఉర్దూ గెలిచిందా? ఇంగ్లీషు స్థానంలో ఉర్దూ తెచ్చే ఏర్పాట్లు పదిహేనేళ్లలో చేయాలని 1973 రాజ్యాంగం చెప్పింది. 1988లో గడువు దాటిపోయింది. ఉర్దూను అమలు చేయమని 2015లో సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. కింద పంజాబీ, సింధీ, పష్తో, బలోచీ, మధ్యలో ఉర్దూ, అందరి నెత్తినా ఇంగ్లీషు.

మన హైదరాబాద్ కథా దీనికి దగ్గరిదే. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే ఉన్నత విద్య నేర్పింది, వైద్యం, ఇంజనీరింగుతో సహా. దారుల్ తర్జుమాలో కూర్చుని పండితులు పుస్తకాలు అనువదించారు, శాస్త్రాలకు మాటలు పుట్టించారు. ఇంగ్లీషు లేకపోతే చదువే లేదన్న రోజుల్లో అది చిన్న సాహసం కాదు. గర్వపడదాం. కానీ సంస్థానంలో ఎక్కువమంది భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. తెలుగు రైతు బిడ్డకు ఆ గడప దాటాలంటే ముందు ఉర్దూ రావాలి. ఈ మాట చెప్పుకోకుండా ఉర్దూకు జరిగిన అన్యాయం గురించి మాత్రమే మాట్లాడితే ఎవరు నమ్ముతారు?

అన్యాయం జరగలేదని కాదు. 1948 పోలీసు చర్య తర్వాత బోధన నుంచి ఉర్దూను దించేశారు. ఆ కుర్చీలో కూర్చున్నది తెలుగు కాదు, ఇంగ్లీషు. ఇవాళ పాతబస్తీ గల్లీల్లోనూ ఇంగ్లీషు మీడియం బోర్డులే. తల్లిదండ్రులను తప్పుపట్టలేం, నౌకరీ అక్కడే ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎందరో దాదా రాసిన ఉత్తరం చదవలేరు. తెలుగు అర్జీ రాయాలన్నా ఇంకొకరి దగ్గరికే వెళ్తారు.