ఇంట్లో బో ప్రెస్ కొనే ముందు



విలువిద్య నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో కొన్నాళ్లకు ఒక ప్రశ్న వస్తుంది. నారి మార్చాలన్నా, పీప్ సైట్ సరిచేయాలన్నా ప్రతిసారీ బెంగళూరు పోవాలా? ఒక బో ప్రెస్ తెచ్చి ఇంట్లోనే పెట్టుకోకూడదా? పావగడ నుంచి పోయి రావడానికే ఒక దినం గడిచిపోతుంది కాబట్టి ఈ ఆలోచన రావడం సహజమే. కానీ ప్రెస్ అనేది సుత్తి, స్క్రూడ్రైవర్ లాగా కొని గూట్లో పెట్టుకునే సామాను కాదు. డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి.

మొదటి సంగతి, మీ పిల్లల దగ్గర ఉన్నది ఏ విల్లు? వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ ఆడేవాళ్లకు ప్రెస్‌తో పనే లేదు. రికర్వ్ వాళ్లకూ లేదు. స్ట్రింగర్ అనే తాడు ఒకటి ఉంటే చాలు, దాన్ని కాలితో తొక్కి పట్టి విల్లు పైకి లాగితే నారి ఎక్కుతుంది, దిగుతుంది. విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది రికర్వే. అదే విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. ప్రెస్ అవసరం ఈ రెండో రకానికే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ మొదటిసారి వస్తోంది. కాబట్టి ఈ విల్లు అడిగే పిల్లలు ఇకమీదట ఇంకా పెరుగుతారు.

కాంపౌండ్ విల్లుకు పేటెంట్ పొందినవాడు అమెరికాలోని మిస్సోరికి చెందిన హాలిస్ విల్బర్ అలెన్. దరఖాస్తు 1966లో పెట్టాడు, పేటెంట్ 1969లో వచ్చింది. ఇందులో పైనా కిందా ఉండే లింబులు పొట్టివి, బాగా గట్టివి. వాటి కొసల్లో క్యామ్‌లు, వాటి మీదుగా నారి, కేబుళ్లు. మనం లాగకుండా ఊరికే గోడకు తగిలించినప్పుడు కూడా ఆ లింబులు వంగే ఉంటాయి, నారీ కేబుళ్లూ వాటిని బిగించి పట్టుకొని ఉంటాయి. బైకు షాక్ అబ్జార్బర్ విప్పే మెకానిక్‌ను ఎప్పుడైనా చూశారా? స్ప్రింగును ముందు అదిమిపెట్టి, తర్వాతే పైనున్న నట్టు తీస్తాడు. ప్రెస్ చేసేదీ అదే పని. రెండు లింబుల కొసల్నీ దగ్గరికి నొక్కితే నారి వదులవుతుంది, అప్పుడు చేత్తో తీయొచ్చు. ప్రెస్ లేకుండా తీయబోతే లింబు ఎగిరి మొహానికి తగలొచ్చు, కేబులు వేళ్లు కోయొచ్చు.

కాంపౌండ్ ఉన్నంత మాత్రాన ప్రెస్ కొనాల్సిందేనా అంటే, అదీ కాదు. బరువు తగ్గించడానికి, పెంచడానికి లింబు బోల్టులను అలెన్ కీతో తిప్పితే సరిపోతుంది. పైన ఎన్ని చుట్లో కిందా అన్నే చుట్లు, మాన్యువల్‌లో రాసిన హద్దు దాటకుండా. ఎదిగే పిల్లల కోసం చేసిన చాలా విల్లుల్లో లాగే పొడవు కూడా క్యామ్ మీది చిన్న మాడ్యూల్ జరిపితే మారుతుంది. డీ లూప్ కట్టడానికీ, సైట్, రెస్ట్ బిగించడానికీ ప్రెస్ అక్కర్లేదు. ప్రెస్ కావలసింది నారి, కేబుళ్లు మార్చడానికి, కొత్త పీప్ దూర్చడానికి, తిరిగిపోయిన పీప్‌ను నారికి మెలికలు వేసి నేరుగా తేవడానికి, రెండు క్యామ్‌లూ ఒకేసారి ఆగేలా కేబుల్ మెలికలు సరిచేయడానికి. ఇంట్లో ఒకే విల్లు ఉంటే ఇలాంటి పని ఏడాదికి ఎన్నిసార్లు పడుతుందో లెక్కేసుకోండి. నన్నడిగితే, ఒక్క విల్లున్న ఇల్లు సొంతంగా ప్రెస్ కొనడం దండగ. మంచి బెంచి ప్రెస్‌కు అయ్యే డబ్బుతో పిల్లలకు చిన్న కాంపౌండ్ విల్లే వచ్చేట్టుంది. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకటి తెచ్చుకొని, పని తెలిసిన ఒకరి ఇంట్లో పెట్టుకుంటే అందరికీ మేలు.

ఇక కొనాలనే అనుకుంటే, ప్రెస్ బొమ్మలు చూసే ముందు మీ విల్లు కొలత తీయండి. పై క్యామ్ ఇరుసు నుంచి కింది క్యామ్ ఇరుసు వరకు ఎన్ని అంగుళాలు? టార్గెట్ విల్లులు 36 నుంచి 40 అంగుళాల దాకా ఉంటాయి, వేట కోసం చేసినవి 30 దరిదాపుల్లో ఉంటాయి. మీ ప్రెస్ ఆ కొలత దాకా తెరుచుకోవాలి, అక్కణ్ణుంచి ఇంకా లోపలికి నొక్కడానికి చోటూ ఉండాలి. తర్వాత లింబుల తీరు చూడండి. ఒకే పట్టీగా ఉందా, రెండుగా చీలి ఉందా? పక్కనుంచి చూస్తే లింబులు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా, ఇంకా ముందుకు వాలిపోయాయా? పాత రకం ప్రెస్‌లు కొన్ని రోలర్లతో లింబు మధ్యలో అదుముతాయి. ఇప్పటి విల్లులకు అవి పనికిరావు, లింబు పగులుతుంది. ఇప్పుడు వచ్చే బెంచి ప్రెస్‌లకు వేళ్లలాంటి కొక్కేలు ఉంటాయి, అవి లింబును కొస దగ్గరే పట్టుకుంటాయి. ఆ వేలు క్యామ్‌కు గానీ నారికి గానీ తగలకూడదు, దాని మీద రబ్బరు తొడుగు ఉండాలి. లాస్ట్ ఛాన్స్ ఆర్చరీ వారి ఈజీ ప్రెస్ ఈ తరహాదే.

రెండో తరహా చేతిసంచిలో పట్టేది, బోమాస్టర్ లాంటిది. రెండు బ్రాకెట్లు, ఒక ఉక్కు తాడు, మధ్యలో తిప్పే స్క్రూ, అంతే. పోటీకి పోయినచోట పీప్ జారితే ఆదుకుంటుంది, ధరా తక్కువే. అయితే చీలిన లింబులకు వేరే బ్రాకెట్ కావాలి, బ్రాకెట్ ఒక పక్కకు కూర్చుంటే లింబు మెలి తిరుగుతుంది. చేయి తిరిగినవాళ్లకే ఇది. మొదటి ప్రెస్‌గా నేను దీన్ని చెప్పను.

కరెంటుతో నడిచే ప్రెస్‌లూ ఉన్నాయి. తిరుమణిలో అంత పెద్ద సోలార్ పార్కు ఉన్నా మన ఇళ్ల కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. విల్లు సగం నొక్కి ఉన్నప్పుడు కరెంటు పోతే ఏం చేస్తారు? అదొక్కటే కాదు, హ్యాండిల్ తిప్పేదైతే ఎక్కడైనా పట్టుకుంటే చేతికి తెలుస్తుంది. మోటారుకు తెలియదు. ఇంటికి హ్యాండిల్‌దే మేలు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. వెల్డింగ్ షాపులో చేయించుకుందాం, కారు జాకీతో నొక్కుదాం అనే మాట వినిపిస్తుంది. మన వెల్డింగ్ వాళ్ల పనితనానికి వంక పెట్టడం కాదు. బెంచీ, స్టాండు వాళ్ల చేతే చేయించుకోండి, బలంగా ఉంటాయి. కానీ రెండు పక్కలా వేళ్లు ఒకే గీత మీద లేకపోతే, ఒక లింబు మీద ఒత్తిడి ఎక్కువై విల్లు జారిపోతుంది. పక్కన నిలబడి చూసేది మన పిల్లలే.

ప్రెస్ వచ్చాక కూడా తొందర వద్దు. విల్లు మాన్యువల్‌లో ఏ రకం ప్రెస్ వాడొచ్చో, ముందు బోల్టులు ఎన్ని చుట్లు వదలాలో రాసి ఉంటుంది. దాన్ని పక్కనపెడితే వారంటీ పోతుంది. ప్రెస్‌ను బరువైన బెంచికి బోల్టులతో బిగించండి. నొక్కే ముందు దూది ఉండ తీసుకొని లింబుల వెంబడి నిమరండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ పగులుందని అనుమానం, ఆ విల్లును ప్రెస్‌లో పెట్టవద్దు. బాణం లేకుండా వదిలిన విల్లునైతే మరీ జాగ్రత్తగా చూడాలి. కేబుల్ ఏ మేకు మీద ఎలా తిరిగిందో ఫోనుతో ఫొటో తీసుకోండి. కళ్లద్దాలు పెట్టుకోండి, మొహం నారికి ఎదురుగా పెట్టకండి. కేబుల్ కొస మేకు మీంచి జారేంత వదులైతే చాలు, అంతకుమించి ఒక్క చుట్టు కూడా తిప్పొద్దు. వదిలేటప్పుడూ నిదానంగా, క్యామ్ గాడిలో నారి కూర్చుందో లేదో చూస్తూ వదలాలి. పిల్లలూ, హ్యాండిల్ తిప్పే సరదా మీకు ఉంటుంది, తెలుసు. పక్కన పెద్దవాళ్లు లేకుండా ముట్టుకోకండి. పని అయ్యాక పెద్దలు ఆ హ్యాండిల్ ఊడదీసి బీరువాలో పెట్టడం మంచిది.

పోటీకి ముందురోజు మాత్రం నారి మార్చవద్దు. కొత్త నారి కుదురుకోవడానికి వందా రెండొందల బాణాలైనా పడాలి, అప్పటిదాకా పీప్ తిరుగుతూనే ఉంటుంది. పోటీ తేదీ తెలిసిన వెంటనే, రెండు మూడు వారాల ముందే ఆ పని ముగించుకోండి.