పత్తి నూగు, పద్దెనిమిది వేల పౌండ్లు

సాహిత్య చరిత్రలో రచయితలకు దొరికిన చోటు పాఠకులకు దొరకలేదు. పాఠకులు స్త్రీలయితే ఆ చోటు మరీ ఇరుకు. వాళ్లు ఏం చదివారో లెక్కలుంటాయి గానీ, చదివి ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టరు. రాసినా “ఆడవాళ్లు ప్రేమకథ కోసం చదివారు” అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఈ వాక్యం వెనుక ఏం దాగుందో చూడడానికి ఎలిజబెత్ గాస్కెల్ ‘నార్త్ అండ్ సౌత్’ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. దాదాపు 170 ఏళ్లుగా చదువుతున్న ఈ నవలలో సమ్మె ఉంది, ప్రేమ ఉంది. ఆ రెండిట్లో ఏది అసలు కథ అన్న తగాదాయే దాని పఠన చరిత్ర.

కథ క్లుప్తంగా ఇది. దక్షిణ ఇంగ్లండు పల్లెకు చెందిన మార్గరెట్ హేల్, తండ్రి మతగురువు పదవి వదులుకోవడంతో మిల్టన్ అనే మిల్లుల ఊరికి వస్తుంది. మిల్టన్ అంటే మాంచెస్టరే. అక్కడ జాన్ థార్న్‌టన్ అనే నూలుమిల్లు యజమానితో వాదాలు, హిగిన్స్ అనే కార్మిక నాయకుడి కుటుంబంతో స్నేహం. సమ్మె, అల్లరిమూక, రాయి దెబ్బ, తిరస్కారం, వరసగా చావులు. చివరికి ఆస్తి కలిసొచ్చిన మార్గరెట్, దివాలా తీసిన థార్న్‌టన్ ఒకటవుతారు.

ఇది 1854 సెప్టెంబరు 2 నుంచి 1855 జనవరి 27 వరకు డికెన్స్ నడిపిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. మొదటి పాఠకుడు సంపాదకుడే. గాస్కెల్ పెట్టాలనుకున్న పేరు ‘మార్గరెట్ హేల్’. డికెన్స్ సూచనతో అది ‘నార్త్ అండ్ సౌత్’ అయింది. ఒక స్త్రీ పేరు పోయి రెండు దిక్కులు వచ్చాయి. నవల సాగేకొద్దీ డికెన్స్‌కు విసుగు పుట్టింది. పత్రిక అమ్మకాలు తగ్గితే ఆ నింద ఈ నవల మీదే వేశాడు. వారానికి ఇంత అన్న కొలతలో ఇమడలేక ముగింపును తొందరగా లాగేయాల్సి వచ్చిందని గాస్కెల్ 1855లో పుస్తకం ముందుమాటలో చెప్పి, చివరి భాగాన్ని పెంచి రాసింది.

అప్పటికే ఆమెకు పాఠకుల కోపం కొత్త కాదు. 1848లో ‘మేరీ బార్టన్’ రాస్తే మాంచెస్టరు మిల్లు యజమానులు మండిపడ్డారు. 1853లో పెళ్లికాని తల్లి కథగా ‘రూత్’ రాస్తే, భర్త ప్రార్థనామందిరానికి వచ్చేవాళ్లలోనే ఇద్దరు మగవాళ్లు ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. ఇంకొకాయన తన భార్యను చదవనివ్వలేదు. ఆ భార్య ఏమనుకుందో మనకు తెలియదు. పాఠకురాలి చరిత్ర చాలాసార్లు ఇలాగే, భర్త వేసిన నిషేధంగా మాత్రమే మిగులుతుంది.

‘నార్త్ అండ్ సౌత్’కు తోటి రచయిత్రుల స్పందన కూడా ఒకే రకంగా లేదు. తండ్రి మతసందేహాల ఘట్టం చదివి, ఇది కష్టమైన వస్తువని షార్లెట్ బ్రాంటీ బెంగపడింది. మార్గరెట్ ఆలిఫెంట్ 1855లో ‘బ్లాక్‌వుడ్స్’లో రాస్తూ, ‘జేన్ ఐర్’ వచ్చాక ప్రేమంటే పోట్లాటగా మారిపోయిందనీ, ఆ గాలి గాస్కెల్‌కూ సోకిందనీ నొచ్చుకుంది. ఆలిఫెంట్‌కు నచ్చకపోయినా, పట్టుకోవలసిన విషయాన్నే పట్టుకుంది. ఈ నవలలో ప్రేమ ఒక వాదన. ఇద్దరూ కూలి గురించి, సమ్మె గురించి, యజమాని బాధ్యత గురించి వాదించుకుంటూనే దగ్గరవుతారు. ఆ వాదనల్ని తీసేస్తే ప్రేమా మిగలదు.

ఇరవయ్యో శతాబ్దపు విమర్శకులు మాత్రం ఈ రెంటినీ విడదీశారు. 1934లో డేవిడ్ సెసిల్ గాస్కెల్‌ను మెత్తని, ఇంటిపట్టు స్త్రీస్వభావం గల రచయిత్రిగా చూశాడు. 1958లో రేమండ్ విలియమ్స్ ఆమెను పారిశ్రామిక నవలాకారుల వరసలో నిలబెట్టి గౌరవించాడు. కానీ వర్గ సంఘర్షణను పెళ్లితో, వారసత్వపు డబ్బుతో సర్దేసిందన్నది ఆయన అభ్యంతరం. ఒకరికి ఆమె మరీ ఆడది, ఇంకొకరికి ఆమె రాజకీయం చివరి దాకా నిలవలేదు. పాట్సీ స్టోన్‌మన్ వంటి స్త్రీవాద విమర్శకులు 1980లలో ఇల్లూ మిల్లూ ఒకే అధికారపు రెండు ముఖాలని చూపించాకే ఈ నవల మళ్లీ ఒక్కటయింది.

2004లో బీబీసీ దీన్ని నాలుగు భాగాల ధారావాహికగా తీసినప్పుడు పాత తగాదా మళ్లీ లేచింది. స్త్రీ ప్రేక్షకులు థార్న్‌టన్‌గా నటించిన రిచర్డ్ ఆర్మిటేజ్‌ను నెత్తిన పెట్టుకున్నారు. పత్రికల్లో ఎగతాళి మామూలే. నాకు మాత్రం ఇబ్బందిగా అనిపించింది మరొకటి. మిల్లులో గాలినిండా ఎగిరే దూది నూగు తెరమీద మంచులా అందంగా ఉంటుంది. నవలలో పంతొమ్మిదేళ్ల బెస్సీ హిగిన్స్‌ను చంపేది ఆ నూగే. దూది ఏకే గదిలో నూగును బయటికి లాగే పెద్ద చక్రం ఒకటి పెట్టొచ్చనీ, దానికి ఐదారు వందల పౌండ్లు ఖర్చవుతుందనీ, లాభం రాదు గనక యజమానులు పెట్టరనీ బెస్సీయే చెబుతుంది. ఆ చక్రం ధర గుర్తున్న పాఠకులు తక్కువ.

మనకు ఇది దూరదేశపు కథేమీ కాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే లాంకషైర్ మిల్లులు మూతపడ్డాయి. మాంచెస్టరులో సహాయ కార్యక్రమాల్లో గాస్కెల్, ఆమె కూతుళ్లు పనిచేశారు. ఆ లోటు పూడ్చడానికి మన దేశపు పత్తి ఓడలెక్కింది. ధర ఆకాశానికి లేచింది, 1865లో యుద్ధం ముగిశాక కూలిపోయింది. గుంటూరు, కృష్ణా నేలల పత్తికి వ్యాపారంలో కాకినాడ రేవు పేరు మీద ‘కోకనాడ’ అని పేరుండేది. పండించిన ఊళ్ల పేర్లు బేళ్ల మీద లేవు, ఏరిన ఆడవాళ్ల పేర్లు అసలే లేవు.

ఈ మధ్య ఒక సాయంత్రం రొంపిచెర్లలో మా ఇంటి అరుగు మీద ఈ కథంతా చెప్పాను. వింటున్నవాళ్లు పత్తి తీతలకు వెళ్లే ఆడవాళ్లు, ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. బెస్సీ దగ్గు గురించి చెబుతుంటే “జిన్నింగు మిల్లుకు పోయినవాళ్లందరికీ ఉండేదే గదమ్మా” అంది ఒకామె. థార్న్‌టన్ తిరస్కారం పొందినప్పుడు అందరూ అయ్యో అన్నారు. వాళ్లు ప్రేమనూ వదల్లేదు, కూలినీ వదల్లేదు. ముగింపులో మార్గరెట్ తన 18,057 పౌండ్లు బ్యాంకులో రెండున్నర శాతానికి ఊరికే పడున్నాయనీ, అంతకన్నా మంచి వడ్డీకి అతని మిల్లులో పెడతాననీ అంటుందని చెప్పాను. మా పిన్ని అడిగింది: “మరి పెళ్లయినాక ఆ సొమ్ము ఎవరి పేరున ఉంటదే?”

నేను చదివిన విమర్శలో చాలా భాగం ఆ డబ్బు కథను ఎలా సర్దిందని అడిగింది, పిన్ని అది ఎవరి చేతికి పోయిందని అడిగింది. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం, ముందే విడిగా ఒప్పందం రాయించుకుంటే తప్ప, పెళ్లితో భార్య సొమ్ము భర్తది అయిపోతుంది. లాయరు హెన్రీ లెనక్స్ అలాంటి కాగితం రాయించాడో లేదో నవల చెప్పదు. వివాహితలకు ఆస్తి మీద నిజమైన హక్కు 1870, 1882 చట్టాలతోగానీ రాలేదు. ఈ సంగతి గాస్కెల్‌కు అనుభవంలోనిదే. ఒక కథకు వచ్చిన 20 పౌండ్లను భర్త తన జేబులో వేసుకున్నాడని ఆమె ఒక ఉత్తరంలో నవ్వుతూ రాసుకుంది. 1856లో వివాహితల ఆస్తిహక్కు కోసం పెట్టిన అర్జీ మీద సంతకం చేసింది. 1865లో భర్తకు చెప్పకుండా తన రాతల సంపాదనతో హాంప్‌షైర్‌లో ఇల్లు కొంది. ఆ నవంబరులో ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

పిన్ని ప్రశ్న వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. పసుపు కుంకుమ కింద కూతురికిచ్చిన పొలం ఎవరి అప్పుకు తాకట్టుపోతుందో పల్నాట ప్రతి ఇంటికీ తెలుసు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1985 నుంచి వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చినా, పెళ్లప్పుడే సంతకం పెట్టించుకుని వాటా మాఫీ చేయించుకునే ఇళ్లు నాకు తెలుసు.

ఇదే కళ్లతో మన నవలల దగ్గరికీ రావాలి. 1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వస్తున్నప్పుడు తెలుగిళ్లు ఎదురుచూశాయి. అద్దె పుస్తకాల షాపుల్లో అది చేతులు మారీ మారీ నలిగిపోయింది. 1976లో సినిమా అయింది. రాజశేఖరం అన్న పేరు కలల మగవాడికి మారుపేరయింది. కార్లున్న నాయకుల కోసం ఆడపిల్లలు పగటికలలు కంటున్నారని విమర్శకులు కోప్పడ్డారు. అందులో నిజం లేకపోలేదు. కానీ మా అమ్మ తరం స్త్రీలను అడిగి చూడండి. రాజశేఖరంతో పాటు, బామ్మను పోషించుకోవడానికి ఉద్యోగానికి వెళ్లిన జయంతి కూడా వాళ్లకు గుర్తుంది. సొంత జీతం, యజమానికి ఎదురు మాట్లాడగల నోరు, ఆ నోరున్నా ఆమెను ప్రేమించే మగవాడు. ఈ మూడూ ఒకే చోట దొరకడమే వాళ్ల కల. అందులో ఒక్క మగవాణ్ణే చూసి నవ్విన విమర్శ జీతాన్ని వదిలేసింది.

ఆ అద్దె షాపులు చాలావరకు మూతపడ్డాయి. అక్కడ పుస్తకాలు తెచ్చుకుని చదివిన స్త్రీలు డెబ్బై, ఎనభైలలో ఉన్నారు. వాళ్లు ఉండగానే వెళ్లి అడగాలి. ఎవరు నచ్చారు అని ఒక్కటే అడిగి ఊరుకుంటే పాత వాక్యమే మళ్లీ వస్తుంది. పుస్తకం మూశాక మీరు వేసుకున్న లెక్క ఏమిటి అని అడగాలి. మా పిన్ని వేసిన లెక్కకు నేను చదివిన విమర్శ గ్రంథాల పక్కన చోటుండాలి.