మద్యనిషేధ కాలం: పత్రికల కెక్కినది, ఎక్కనిది

వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు పత్తికి, మిర్చికి, పసుపుకు పేరెన్నిక గన్నది. రైతుకు పంట సొమ్ము, హమాలీకి కూలి డబ్బు చేతికందేది ఇటువంటి చోటనే. ఆ సొమ్ములో ఇల్లాలి చేతికి చేరేదెంత, సారా దుకాణానికి పోయేదెంత? 1990లలో తెలుగునాట రాజకీయాలను కుదిపిన ప్రశ్న ఇదే.

1980లలో ‘వారుణి వాహిని’ పేరిట ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో చదువుకున్న స్త్రీలు రోసమ్మ ముందు నడవగా సారాపై తిరగబడ్డారు. ‘ఈనాడు’ వంటి పత్రికలు ఆ వార్తలకు పెద్దపీట వేశాయి. విలేఖరుల కలం ఒక పల్లె పోరును రాష్ట్రమంతటి పోరుగా మార్చింది. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో అధికారం చేపట్టిన ఎన్.టి. రామారావు సంపూర్ణ నిషేధంపై సంతకం చేయగా, 1995 జనవరిలో అది అమలులోకి వచ్చింది.

అటుపై వార్తల స్వరూపం మారింది. ఉద్యమ వార్తల స్థానాన్ని నేర వార్తలు ఆక్రమించాయి: దాడులు, పట్టుబడిన సీసాలు, పొరుగు రాష్ట్రాల నుండి దొంగరవాణా, గుడుంబా బట్టీలు. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఆదాయలోటును, అక్రమ రవాణాను కారణాలుగా చూపి సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేసింది. సారాపై నిషేధాన్ని మాత్రం కొనసాగించింది. 1920 నుండి 1933 వరకు నిషేధం పాటించిన అమెరికాలోనూ కథ ఇలాగే నడిచింది.

ఎన్ని సీసాలు దొరికాయో నేర వార్త చెబుతుంది. తాగినవాని దేహంలో ఏమి జరిగిందో చెప్పదు. దొంగసారాలో మిథైల్ ఆల్కహాలు కలిస్తే కాలేయం దానిని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కంటినరాన్ని దెబ్బతీస్తుంది. తాగిన కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు మరునాటికి, చూపు మసకబారుతుంది. అది మత్తు దిగకపోవడం కాదు, విషం తలకెక్కడం. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

రెండవ ప్రమాదం మానడంలో ఉంది. ఏళ్ల తరబడి రోజూ అతిగా తాగినవారు హఠాత్తుగా మానితే చేతులు వణకడం, మూర్ఛ, రెండు నుండి నాలుగు రోజుల్లో మతిభ్రమణం కలుగవచ్చు, ప్రాణాపాయమూ ఉంది. అందుచేత వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

చట్టం దుకాణాన్ని ఒక్కరోజులో మూయగలదు; అలవాటుపడిన దేహాన్ని ఒక్కరోజులో మార్చలేదు. మళ్లీ ఎక్కడ నిషేధం మాట వినవచ్చినా, దుకాణం మూసేనాటికే చికిత్సాలయం తలుపు తెరిచి ఉండాలని పాఠకులు అడగాలి.